ఓటు చరిత్ర – 6: "గెలుస్తాడా?" అని అడిగేది ఎవరు?



ఫిల్మ్‌నగర్‌లో అందరి నోటా వినపడే మాట ఒకటి ఉంది. 'టాక్'. శుక్రవారం మార్నింగ్ షో పడుతుంది, మధ్యాహ్నానికి టాక్ బయటికొస్తుంది. అప్పటికి సినిమా చూసినవాళ్లు వేలల్లో ఉంటారు. చూడనివాళ్లు కోట్లలో ఉంటారు. ఆ కోట్లమంది టికెట్ కొనాలా వద్దా అన్నది ఈ వేలమంది చెప్పినదాన్ని బట్టి తేలుతుంది. టాక్ బాగుంటే సోమవారం కూడా హాలు నిండుతుంది. టాక్ పోతే మంచి సినిమాకైనా రెండో వారం పోస్టర్ మారిపోతుంది.

ఎన్నికలకూ ఇలాంటి టాక్ ఉంది. దాన్ని మనం 'గాలి' అంటాం. అభ్యర్థి విషయంలో అయితే 'గెలుపు గుర్రం' అంటాం. ఈ భాగంలో ఆ గాలి ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎవరు పుట్టిస్తారో, అందులో మన మాట ఎంతో చూద్దాం. నా క్లాసులో పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న కూడా ఇదే: "సార్, మనవాళ్లు నిలబడితే గెలుస్తారా?" ఆ ప్రశ్నకు తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

ముందు మన ఊళ్లో జరిగింది చూద్దాం.

2025 నవంబర్ 14న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ఫలితం వచ్చింది. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ చనిపోవడంతో వచ్చిన ఎన్నిక. ఆయన భార్య సునీత బీఆర్ఎస్ నుంచి నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. మొత్తం 119 సీట్లలో ఇది ఒక్కటి. దీనివల్ల ప్రభుత్వం మారలేదు, పడిపోలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి రాష్ట్రమంతా మాట మారింది. 2023లో హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. "సిటీలో కాంగ్రెస్‌కు ఓటు లేదు" అన్నది అప్పటి టాక్. 2024లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉప ఎన్నికతో ఆ టాక్‌కు బీట పడింది. జూబ్లీహిల్స్‌తో అది కూలిపోయింది.

జూబ్లీహిల్స్ అనగానే బంగళాలు గుర్తొస్తాయి. కానీ ఆ నియోజకవర్గంలో గెలుపు ఓటములు తేల్చేది బోరబండ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ బస్తీలు. అక్కడివాళ్లు తమ నీళ్ల కోసం, తమ ఇళ్ల కోసం, తమ లెక్కల ప్రకారం ఓటేసుకున్నారు. ఆ ఓటు రెండు పనులు చేసింది. ఒకటి, ఎమ్మెల్యేను ఎన్నుకుంది. రెండోది, ఇంకా ఓటెయ్యనివాళ్లకు ఒక కబురు పంపింది. ఈ రెండో పని గురించే ఈ వ్యాసం.

ఆ కబురుకు ఎంత బలముంటుందో తెలంగాణ మూడేళ్లలో చూసింది. 2020 నవంబర్‌లో దుబ్బాక ఉప ఎన్నికలో బీజేపీ వెయ్యి ఓట్ల పైచిలుకు తేడాతో గెలిచింది. నెల తిరక్కుండానే జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 4 డివిజన్ల నుంచి 48కి ఎగబాకింది. 2021 అక్టోబర్‌లో హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ బీజేపీ నుంచి గెలిచారు. అక్కడ కాంగ్రెస్‌కు వచ్చినవి దాదాపు 3 వేల ఓట్లు. ఇక కాంగ్రెస్ పనైపోయిందని, కేసీఆర్‌కు పోటీ అంటే బీజేపీయేనని ఊరూరా అనుకున్నారు. నాయకులు అటు నడిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌కు రాజీనామా చేసి, 2022లో మునుగోడులో బీజేపీ గుర్తు మీద నిలబడి, ఓడిపోయారు.

తర్వాత 2023 మే 13న కర్ణాటక ఫలితం వచ్చింది. కాంగ్రెస్‌కు 135 సీట్లు. తెలంగాణలో ఒక్క ఓటు కూడా పడకుండానే తెలంగాణ టాక్ తిరగబడింది. జూలైలో పొంగులేటి ఖమ్మం సభలో కాంగ్రెస్‌లో చేరారు. అక్టోబర్‌లో అదే రాజగోపాల్ రెడ్డి వెనక్కి వచ్చి, డిసెంబర్‌లో అదే మునుగోడు నుంచి కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8. మూడేళ్లు 'ప్రత్యామ్నాయం' అనిపించుకున్న పార్టీ మూడో స్థానంలో మిగిలింది.

ముందొచ్చిన ఫలితం నేరుగా ఓటరు మనసులోకి వెళ్లదు. మొదట నాయకుడి దగ్గరికి వెళుతుంది, అతను పార్టీ మారతాడు. తర్వాత డబ్బు పెట్టేవాడి దగ్గరికి, ఆ తర్వాత టీవీ స్టూడియోకి వెళుతుంది. చివరికి ఊళ్లో టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి అది 'అందరికీ తెలిసిన సంగతి' అయిపోతుంది. ఓటరు అప్పుడు తనకు ఎవరు నచ్చారని ఒక్కటే ఆలోచించడు. పక్కవాడు ఎవరికి వేస్తాడని కూడా ఆలోచిస్తాడు. 'గెలుస్తాడా?' అనే ప్రశ్నకు అసలు అర్థం 'మిగతావాళ్లు వేస్తారా?' అనే.

ఈ ప్రశ్న అందరికీ ఒకే బరువు కాదు. పాలకకులాల ఓటరుకు ఓడిపోయేవాడికి ఓటేస్తే పోయేది ఓటే. పల్లెలో మనవాళ్లకు దాంతోపాటు పింఛను, ఇంటి జాగా, కూలి పని అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే మన అమ్మానాన్నలు 'గెలిచేవాడికి వెయ్యి' అంటే దాన్ని భయమని కొట్టిపారెయ్యకండి. అది అనుభవం నేర్పిన లెక్క.

ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి ఒకసారి అమెరికా వెళ్లొద్దాం. అక్కడ పార్టీ అభ్యర్థిని ప్రజలే ఎన్నుకుంటారు, దాన్ని ప్రైమరీ అంటారు. అన్ని రాష్ట్రాలూ ఒకేరోజు ఓటెయ్యవు. ముందు వేసినవాళ్ల ఫలితం తర్వాత వేసేవాళ్లకు తెలుస్తుంది. 2007లో ఒబామా పోటీలోకి దిగినప్పుడు నల్లజాతి ఓటర్లలో చాలామంది హిల్లరీ క్లింటన్ వైపే ఉన్నారు. ఒబామా మీద ప్రేమ లేక కాదు, తెల్లవాళ్లు ఒక నల్లవాడికి ఓటేస్తారన్న నమ్మకం లేక. 2008 జనవరి 3న అయోవా ఓటేసింది. జనాభాలో తొంభై శాతానికి పైగా తెల్లవాళ్లున్న రాష్ట్రం. అక్కడ ఒబామా గెలిచాడు. జనవరి 26న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు నూటికి డెబ్బైమందికి పైగా ఆయన వెనక నిలబడ్డారు. ఆ మూడు వారాల్లో ఒబామా మారలేదు, నల్లజాతి ఓటరు కోరికా మారలేదు. 'మిగతావాళ్లు వేస్తారా?' అన్న ప్రశ్నకు జవాబు దొరికింది, అంతే.

2020లో ఇది తిరగబడింది. బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. టాక్ పూర్తిగా పోయింది. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా నల్లజాతి ఓటర్లు ఆయన్ను గెలిపించగానే పోటీ మొత్తం మారింది. ఆ తర్వాత డెమొక్రాటిక్ పార్టీ 2024కి వరస మార్చి సౌత్ కరోలినాను ముందుకు తెచ్చింది. ఎవరు ముందు ఓటెయ్యాలన్నది వాళ్లకు తారీఖుల గొడవలా కనపడొచ్చు. నిజానికి అది ఎవరి మాట అందరికంటే ముందు వినపడాలన్న గొడవ.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. మనకూ ప్రైమరీ ఉండేది. 'ప్రైమరీ ఎన్నిక' అనే పేరుతోనే, చట్టబద్ధంగా ఉండేది. అందులో ఓటు వేసింది మనవాళ్లే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో దాదాపుగా కనపడదు.

1932 ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించాడు. మన ప్రతినిధుల్ని మనమే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు, దాంతోపాటు జనరల్ నియోజకవర్గంలో కూడా ఒక ఓటు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. సీట్లు పెరిగాయి. దేశంలోని ప్రాంతీయ శాసనసభల్లో 148, అందులో కోస్తా, రాయలసీమలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 30. ప్రత్యేక నియోజకవర్గాలు మాత్రం పోయాయి. వాటి స్థానంలో వచ్చింది రెండంచెల ఎన్నిక.

మొదటి అంచెలో ఆ నియోజకవర్గంలో ఓటున్న దళితులు మాత్రమే ఓటేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన నలుగురు అభ్యర్థులవుతారు. అదే ప్రైమరీ. రెండో అంచెలో ఆ నలుగురిలో ఒకర్ని ఊరంతా, అంటే సవర్ణులు కూడా కలిసి ఎన్నుకుంటారు. ఆనాడు ఓటు హక్కు ఆస్తి ఉన్నవాడికి, చదువున్నవాడికి. కాబట్టి రెండో అంచెలో మన ఓటు ఎంత తక్కువో ఊహించుకోండి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ప్రైమరీలో 4 వేలమంది దళితులు ఓటేశారనుకోండి. మొదటి వ్యక్తికి 3 వేలు, నాలుగో వ్యక్తికి 200 వచ్చాయి. ఇద్దరూ అభ్యర్థులే. రెండో అంచెలో 30 వేలమంది సవర్ణ ఓటర్లున్నారు. వాళ్లు ఆ 200 ఓట్ల మనిషిని ఎంచుకుంటే అతనే మన ప్రతినిధి. 3 వేలమంది మాట గాలికి పోయింది.

అమెరికాలో ముందు వచ్చిన ఫలితం తర్వాతి ఓటరును లాగుతుంది. మన ప్రైమరీలో మాత్రం మొదటి స్థానం వచ్చినవాడు సవర్ణుడికి అనుమానాస్పదుడయ్యాడు. దళితులు ఎవర్ని గట్టిగా కోరుకుంటున్నారో ముందే తెలిసిపోయింది కాబట్టి ఎవర్ని ఓడించాలో కూడా ముందే తెలిసింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1945–46 ఎన్నికల తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ముందు పెట్టిన వాదన ఇదే: షెడ్యూల్డ్ కులాల అసలు అభిప్రాయం తెలియాలంటే చివరి ఫలితం చూడకండి, ప్రైమరీ ఫలితం చూడండి. ప్రైమరీలో ముందున్న ఫెడరేషన్ అభ్యర్థులు చివరి ఎన్నికలో సవర్ణుల ఓట్లతో ఓడిపోయారని ఆయన చూపించారు. ఆ వాదనను పక్కన పెట్టారు. గెలిచినవాళ్లే లెక్కలోకి వచ్చారు.

ఇంకో మెలిక కూడా ఉంది. అభ్యర్థులు నలుగురికి మించితేనే ప్రైమరీ జరిగేది. నలుగురో అంతకు తక్కువో ఉంటే మొదటి అంచె ఉండదు, మన మాట ఎక్కడా నమోదు కాదు. చాలా సీట్లలో అదే జరిగింది.

ప్రైమరీకి ఒప్పందంలోనే పదేళ్ల గడువు పెట్టారు. స్వతంత్ర భారత రాజ్యాంగంలో రిజర్వుడు సీట్లు ఉన్నాయి, ప్రైమరీ లేదు. 1952లో బాబాసాహెబ్ స్వయంగా బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో ఓడిపోయారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుడు 'గెలిచే అభ్యర్థి' కాలేకపోయాడు.

ప్రైమరీ చెడ్డదా, మంచిదా? అధికారం ఇవ్వలేదు కాబట్టి అది మోసమే. కానీ ఒక్క మేలు చేసింది. దళితులు ఎవర్ని కోరుకున్నారో అంకెల్లో రాసిపెట్టింది. ఆ అంకెలున్నాయి కాబట్టే అంబేడ్కర్ వాదించగలిగారు. ఇవాళ తెలంగాణలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 29 ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ సీట్లున్నాయి. వాటిలో మాల, మాదిగ వాడల మాట వేరుగా ఎక్కడా వినపడదు. మొదటి అంచె పోలేదు, చేతులు మారింది. ఇప్పుడది పార్టీ ఆఫీసులో, సర్వే ఏజెన్సీ లాప్‌టాప్‌లో జరుగుతుంది. ఎవర్ని అడిగారో తెలియదు, ఏం అడిగారో తెలియదు. చివర్లో 'సర్వేలో మీ పేరు రాలేదు' అన్న ఒక్క ముక్క బయటికొస్తుంది. రిజర్వుడు సీట్లో ఊరి పెద్దలకు ఇబ్బంది పెట్టని మనిషికి 'గెలుపు గుర్రం' అని పేరు. జనరల్ సీట్లో అయితే దళితుడు గుర్రాల లెక్కలోకే రాడు.

ఈ నాటకం పల్లెలో మరీ పచ్చిగా ఉంటుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో చివరి దశ పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ సెక్షన్ ఉంది. ముందు ఓటేసినవాళ్ల కబురు తర్వాతివాళ్లను ఊపుతుందని చట్టమే ఒప్పుకుంది. పంచాయతీ ఎన్నికల్లో మాత్రం ఏ దశకు ఆ దశ అదేరోజు లెక్కిస్తారు. తెలంగాణలో 2019 జనవరి 21, 25, 30 తేదీల్లో, ఆంధ్రలో 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో అలాగే జరిగింది. మొదటి దశ ఫలితం పట్టుకుని రెండో దశ ఊళ్లలో బేరాలు మొదలవుతాయి. ఇక ఎస్సీ రిజర్వుడు సర్పంచ్ స్థానంలో 'ఏకగ్రీవం' అనే మాట విన్నప్పుడల్లా పూనా గుర్తు తెచ్చుకోండి. నలుగురు నిలబడకముందే ఒక్కర్ని మిగిల్చే పని అది. ఓటే పడదు కాబట్టి మన మాటకు గుర్తు కూడా మిగలదు.

ముందొచ్చే ఫలితానికి పాలకులు ఎంత భయపడతారో చెప్పే ఉదాహరణ హుజూరాబాద్. ఉప ఎన్నికకు ముందు, 2021 ఆగస్టు 16న, అక్కడే దళితబంధు మొదలుపెట్టారు. కుటుంబానికి 10 లక్షలు. అంతకుముందు ఏడేళ్ల పాలనలో గుర్తుకురాని దళితవాడ ఒక్క ఉప ఎన్నిక ముందు గుర్తొచ్చింది. మన ఓటు మిగతా రాష్ట్రానికి కబురు అవుతుందని తెలిసినప్పుడే దానికి ధర పలుకుతుంది. ఆ డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఆ ధర ఎందుకు పలికిందో మర్చిపోవడమే తప్పు.

మరి మనవాళ్లు ఈ టాక్‌ను ఎప్పుడైనా గెలిచారా? గెలిచారు. కాన్షీరాం గారి దారి చూడండి. మొదటి ఎన్నిక ఓడిపోవడానికి, రెండోది ఓడించడానికి, మూడోది గెలవడానికి అన్నది ఆయన లెక్క. మాయావతి 1984లో కైరానాలో ఓడిపోయారు. 1985లో బిజ్నోర్ ఉప ఎన్నికలో ఓడిపోయారు. 1987లో హరిద్వార్ ఉప ఎన్నికలో ఓడిపోయారు, కానీ రెండో స్థానంలోకి వచ్చారు. 1989లో అదే బిజ్నోర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. పత్రికలకు అవి ఓటములు. కార్యకర్తలకు అవి పెరుగుతున్న ఓట్లు. ఓడిన ప్రతిసారీ 'మనవాళ్లు ఇంతమంది వేశారు' అన్న అంకెను పట్టుకుని వాడవాడా తిరిగారు. ఎవరో పుట్టించే గాలి కోసం ఆగలేదు.

మన దగ్గర అదే ఎందుకు జరగలేదు? 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత ఉద్యమం ఉధృతంగా ఉంది. 1993 డిసెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో ఎస్పీ–బీఎస్పీ ప్రభుత్వం వచ్చింది. ఆ ఫలితం ఇక్కడ పెద్ద ఆశ పుట్టించింది. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో బీఎస్పీకి ఒక్క సీటూ రాలేదు. ఎన్టీఆర్ తెలుగుదేశం 200కు పైగా సీట్లు గెలిచింది. 2023లో కర్ణాటక గాలి తెలంగాణకు వచ్చింది, 1993లో లక్నో గాలి మనదాకా ఎందుకు రాలేదు? కర్ణాటక కబురు అందుకోవడానికి ఇక్కడ కాంగ్రెస్‌కు ఊరూరా మనుషులున్నారు, డబ్బుంది, చానెళ్లున్నాయి. లక్నో కబురు అందుకోవడానికి మనకు సభలున్నాయి గానీ బూతుల్లో కూర్చునే మనుషులు సరిపోలేదు. అంతకుమించి, మాయావతికి బిజ్నోర్, హరిద్వార్ ఉన్నట్టు మనకు ముందు అంకెలు లేవు. గత ఎన్నికలో ఇన్ని వచ్చాయి, ఈసారి ఇన్ని వస్తాయి అని పక్కింటివాడికి చెప్పడానికి చేతిలో కాగితం లేదు.

జూబ్లీహిల్స్ విజేతనే చూడండి. నవీన్ యాదవ్ 2014లో మజ్లిస్ గుర్తు మీద నిలబడి రెండో స్థానంలో ఓడిపోయారు. 2018లో ఇండిపెండెంట్‌గా ఓడిపోయారు. 2025లో కాంగ్రెస్ టికెట్ వచ్చే నాటికి ఆ ఓటములే ఆయన పెట్టుబడి. ఓటమిని పెట్టుబడిగా మార్చుకునే అవకాశం ఒక బీసీ యువకుడికి ఒక జనరల్ సీట్లో దొరికింది, సంతోషమే. అదే అవకాశం దళిత యువకుడికి ఎన్ని జనరల్ సీట్లలో దొరుకుతోంది? ఒకసారి ఓడితే మనవాడికి రెండోసారి ఫోనెత్తేవాడుండడు.

విద్యార్థులకు, కార్యకర్తలకు నేను చెప్పే పని ఒకటే. లెక్క రాయండి. ప్రతి ఎన్నిక తర్వాత ఎన్నికల సంఘం ఫారం 20 ఇస్తుంది. ఏ పోలింగ్ బూతులో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ వాడ బూతు నంబరు తెలుసుకోండి. గత మూడు ఎన్నికల అంకెలు పక్కపక్కన పెట్టండి. మనవాడు నిలబడిన చోట మన వాడలో ఎన్ని, బయట ఎన్ని అన్నది చూడండి. పోయిన ప్రైమరీ అంకెలకు ఇవాళ దగ్గరగా ఉన్నది అదొక్కటే.

ఇందులో ప్రమాదం కూడా ఉంది, దాచను. ఆ కాగితాన్ని దొర కూడా చదువుతాడు. ఏ వాడ తనకు వెయ్యలేదో అతనికీ తెలుస్తుంది. అందుకే బూతుల వారీ లెక్క తెలియకుండా ఓట్లను కలిపి లెక్కించే యంత్రం, టోటలైజర్, పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. రేపు టోటలైజర్ వస్తే మన అంకె మనకూ కనపడదు. రాకపోతే మన వాడ ఊరిపెద్ద కళ్లలో ఉంటుంది. ఈ రెండింటిలో ఏది మేలన్నది మనం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నా మటుకు నేను, భయం తగ్గాలంటే టోటలైజర్ కావాలంటాను. అది వచ్చేలోగా పాత అంకెలన్నీ మన చేతుల్లో రాసి ఉండాలంటాను.

రెండో పని, టికెట్లు ప్రకటించకముందే వాడలు కూర్చోవాలి. రిజర్వుడు సీటులో మనకెవరు కావాలో, ఎంతమంది చేతులెత్తారో, ఆ సంఖ్యతో సహా బయటికి చెప్పాలి. పార్టీలు వినకపోవచ్చు. 1946లో బ్రిటిష్‌వాళ్లూ వినలేదు. అయినా ఆ అంకె ఉండబట్టే ఎనభై ఏళ్ల తర్వాత మనం ఇవాళ దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

ఈసారి ఎవరైనా మీతో "మీవాడు మంచోడే గానీ, గెలుస్తాడా?" అంటే, ఆ మనిషి తన ఓటు ఎటో ఇంకా చెప్పలేదని గుర్తుపెట్టుకోండి. "నువ్వు వేస్తావా?" అని అడగండి. జవాబు కాగితం మీద రాసుకోండి.

వచ్చే భాగంలో 1952 ద్విసభ్య నియోజకవర్గాల గురించి. ఒకే సీట్లో ఇద్దర్ని ఎన్నుకున్న రోజుల్లో మన ఓటు ఎటు పోయిందో చూద్దాం.

జై భీమ్.